పికప్ బండి అలైన్‌మెంట్: గాజులు తాకట్టు పెట్టకముందు చూడవలసినవి



ఇంటి ఆదాయవ్యయాలకు సంబంధించిన ఈ శీర్షికలో ఈసారి బండి చక్రాల గురించి వ్రాయబూనుకున్నాము. కుటుంబ పత్రికలో ఈ మరమ్మతు ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మన ఇళ్లలో ఎన్నింటికో ఆ చిన్న సరుకు బండియే పొలం, అదే దుకాణం. పండ్లు, కోళ్లు, పరుపులు, పాత ఇనుము, బక్రీదుకు ముందు మేకలు, గొర్రెలు, అన్నీ దాని మీదనే ప్రయాణం చేస్తాయి. ఆ బండి ముందు టైర్లు ఏడాదిన్నర నడవవలసింది మూడు నెలలకే అరిగిపోతే, ఆ నష్టం మొట్టమొదట తెలిసేది వంటింటి డబ్బాలో చేయి పెట్టిన ఇల్లాలికే.

మాకు ఈ సంగతి తెలిసింది కూడ అట్లాగే. మా ఆపా ఒకనాటి రాత్రి ఫోను చేసి, "తమ్ముడూ, గాజులు బ్యాంకులో పెడితే ఎంత ఇస్తారో కాస్త కనుక్కుంటావా?" అని అడిగింది. దూలాభాయ్ నల్గొండ వైపు తోటల నుండి బత్తాయి కాయలు బాటసింగారం మార్కెట్టుకు చేరవేస్తారు. బండి వాయిదాలు ఇంకా తీరలేదు. ముందు టైర్లు జతగా కొత్తవి వేయించి మూడు నెలలు కాకముందే ఎడమ టైరు అంచు నున్నగా అయిపోయింది. ఆ మూడు నెలలలో మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించారు. ప్రతిసారీ వారం రోజులు బాగుండేది, తరువాత స్టీరింగ్ మళ్లీ ఎడమకు లాగేది. నాలుగవసారి వెళ్లినప్పుడు ఆ దుకాణదారు, ముందు యాక్సిల్ వంగిపోయినది, మొత్తం మార్చవలసిందే అని చెప్పి చేతులు దులుపుకున్నాడు. దానికయ్యే ఖర్చు వినగానే ఆపాకు గాజులు గుర్తుకు వచ్చాయి.

యాక్సిల్ వంగలేదు. కాని ఆ సంగతి తేలడానికి ముందు అలైన్‌మెంట్ అనే మాటకు అర్థం ఏమిటో చెప్పుకోవాలి. మన సోదరులు చాలామంది దానికి డబ్బు చెల్లిస్తున్నారే గాని, దేనికి చెల్లిస్తున్నామో అడగడం లేదు.

ముందు చక్రాలను పై నుండి చూసినప్పుడు అవి ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, ముందు వైపు దగ్గరకు వచ్చాయా, ఎడమయ్యాయా అన్నది మొదటి కొలత. దీనిని టో అంటారు. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం క్యాంబర్. చక్రం ఏ ఇరుసు మీద ఎడమకు, కుడికి తిరుగుతుందో ఆ ఇరుసు పక్క నుండి చూసినప్పుడు వెనుకకు వాలి ఉండటం క్యాస్టర్. మలుపు తిరిగిన తరువాత స్టీరింగ్ దానంతట అది నిటారుకు రావడం ఈ మూడవ దాని పుణ్యమే.

మన ప్రాంతంలో తిరిగే చిన్న సరుకు బండ్లలో చాలావాటికి ముందు వైపు కూడ ఒకే దృఢమైన కడ్డీ యాక్సిల్, కమాను పట్టీలు ఉంటాయి. ఇటువంటి బండిలో క్యాంబర్, క్యాస్టర్ అన్నవి యాక్సిల్ తయారీలోనే నిర్ణయమైపోతాయి. మనం తిప్పి సరిచేయగలిగినది టో ఒక్కటే. కాబట్టి ఇట్టి బండికి "మూడు కోణాలూ సెట్ చేశాము" అని చెప్పి ఎక్కువ సొమ్ము అడిగితే, ఏది ఎట్లా సెట్ చేశారో మర్యాదగా అడగవచ్చు. మరికొన్ని పికప్పులలో ముందు చక్రాలు రెండూ దేనికది విడిగా కదులుతాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ ఈ తరహాదే. వాటిలో క్యాంబర్, క్యాస్టర్ కూడ సరిచేయడానికి వీలుంటుంది. అది యంత్రం ఉన్న దుకాణంలోనే జరగవలసిన పని. మీ బండి ఏ తరహాదో తెలియకపోతే ముందు వైపు వంగి ఒక్కసారి కిందికి చూడండి. ఈ చక్రం నుండి ఆ చక్రం దాకా ఒకే లావుపాటి కడ్డీ ఉన్నదీ లేనిదీ కంటికే తెలిసిపోతుంది.

టో తప్పితే జరిగే నష్టాన్ని లెక్క కట్టి చూపుతాము. టైరు ఎత్తు సుమారు 650 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు ముందు టైర్ల మధ్య దూరం ముందు వైపు ఒకటి, వెనుక వైపు మరొకటి ఉండి, ఆ తేడా ఉండవలసిన దాని కంటె 6 మిల్లీమీటర్లు ఎక్కువైనదనుకుందాం. చిటికెన వ్రేలి గోరంత కూడ లేదు. కాని ఆ తేడాతో బండి ఒక కిలోమీటరు నడిచేసరికి ఒక్కొక్క టైరు పక్కకు దాదాపు 4.6 మీటర్లు ఈడ్వబడుతుంది. రోజుకు 100 కిలోమీటర్లు నడిచే బండిలో అది 460 మీటర్లు. అంటే ప్రతిరోజూ ఆ టైరును చేతితో పట్టుకుని రోడ్డు మీద అడ్డంగా అర కిలోమీటరు దాకా రుద్దినట్లే. రబ్బరు ఎంతకాలం నిలుస్తుంది? ఆ రాపిడికి అయ్యే డీజిలు వేరే లెక్క.

ఇక దోషం ఎక్కడున్నదో వెదకడం. ఇందులో సగం పని పైసా ఖర్చు లేనిది, దుకాణాల్లో తొందర వల్ల విడిచిపెట్టేదీ ఇదే. ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు నాలుగు టైర్లలోనూ గాలి కొలిపించాలి. ఎడమ కుడి టైర్లలో గాలి తేడా ఉంటే, తక్కువ ఉన్న వైపుకు బండి లాగుతుంది. దీనిని అలైన్‌మెంట్ దోషమని భ్రమపడి డబ్బు పోగొట్టుకున్నవారిని మేము ఎరుగుదుము. రెండు వైపులా గాలి సమానంగా ఉన్నా లాగుతున్నదా? ముందు టైర్లు రెంటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడిపి చూడండి. లాగే దిక్కు మారితే దోషం టైరులోనే ఉన్నది, బండిలో లేదు. దిక్కు మారకపోతే కొంతదూరం నడిపి ఆపి, చక్రాల మధ్య భాగం దగ్గరకు అరచేయి తీసుకువెళ్లండి, తాకవద్దు. ఒకదాని నుండి వేడి విపరీతంగా కొడుతూ ఉంటే అక్కడ బ్రేకు పూర్తిగా వదలడం లేదని అర్థం. మరొక సంగతి. మన రోడ్లు వాన నీరు జారిపోవడానికి అంచుల వైపు కొంచెం వాలుగా ఉంటాయి. మనం ఎడమ వైపున నడుపుతాము. కాబట్టి స్టీరింగ్ వదిలితే బండి కొద్దిగా ఎడమకు పోవడం దోషం కాదు. సమతలంగా ఉన్న ఖాళీ స్థలంలో పరీక్షించిన తరువాతనే నిర్ణయానికి రావాలి.

టైరు అరుగుదల కూడ మాట్లాడుతుంది. రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువ పెట్టి నడిపారు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగితే క్యాంబర్ గాని టో గాని తప్పింది. అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగితే షాక్ అబ్జార్బర్ల మీద, బేరింగుల మీద, బ్యాలెన్సింగ్ మీద అనుమానపడాలి. అరచేతితో టైరును అడ్డంగా నిమరండి. బయటి నుండి లోపలికి నిమిరినప్పుడు నునుపుగా, లోపలి నుండి బయటికి నిమిరినప్పుడు రంపపు పళ్ల వలె తగిలితే చక్రాలు ముందు వైపు అతిగా దగ్గరకు వచ్చాయని గుర్తు. దీనికి విరుద్ధంగా ఉంటే అతిగా ఎడమయ్యాయని గుర్తు. ఒక నిర్దిష్ట వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతూ, బండి మాత్రం తిన్నగా పోతూ ఉంటే అది చాలావరకు బ్యాలెన్సింగ్ సమస్య. ఈ రెండు పనులకూ దుకాణంలో వేర్వేరు ధర ఉంటుంది. ఒకదానికి బదులు మరొకటి చేయించుకుని రోగం కుదరలేదనడం న్యాయం కాదు.

దూలాభాయ్ ఈ పరీక్షలన్నీ చేయలేదు. సరుకు రవాణాలో ఉన్నవారికి తీరిక ఎక్కడిది? రాత్రంతా నడిపి, తెల్లవారుజామున కాయ దింపి, పగలు రెండు గంటలు నిద్రపోయే మనిషి. అందుకే మేము వెంటబెట్టుకుని హైదరాబాదు శివారు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాము. అక్కడ అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన దగ్గర కంప్యూటర్ యంత్రం లేదు. ఒక టేపు, రెండు జాకీలు, ఒక ఇనుప రాడ్డు ఉన్నవి.

ఉస్తాద్ మొట్టమొదట చేసిన పని బండి వెనుకకు పోవడం. మేము ముందు చక్రం సంగతి చెబుతూ ఉంటే ఆయన వెనుక యాక్సిల్ దగ్గర కూర్చున్నాడు. స్టీరింగ్ తిన్నగా పెట్టించి, ఎడమ వైపు ముందు చక్రం నడిబొడ్డు నుండి వెనుక చక్రం నడిబొడ్డు దాకా టేపుతో కొలిచాడు. కుడి వైపూ అట్లాగే కొలిచాడు. తేడా 14 మిల్లీమీటర్లు వచ్చింది. వెనుక ఎడమ వైపు కమాను పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు లోపల తెగిపోయి ఉన్నది. యూ బోల్టులు వదులు కావడంతో వెనుక యాక్సిల్ ఒక పక్క జారింది. అంటే బండి వెనుక చక్రాలు ఒక దిక్కుకు నెడుతూ ఉంటే, ముందు చక్రాలను దూలాభాయ్ మరొక దిక్కుకు తిప్పి పట్టుకుని, పీత నడకతో బాటసింగారం దాకా నడిపిస్తూ వచ్చారన్నమాట. ముందు చక్రాల టో ఎన్నిసార్లు సరిచేస్తే మాత్రం ఏమి లాభం?

తరువాత ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి ఎడమ చక్రాన్ని లేపాడు. చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపాడు. టక్ టక్ మని ఆడింది. మా మేనల్లుడిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాడు. ఈ ఉపాయం పాఠకులు గుర్తు పెట్టుకోదగినది. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే చక్రం బేరింగ్ వదులైనదని, బ్రేకు తొక్కినా ఆట అట్లాగే ఉంటే కింగ్ పిన్ అరిగినదని అర్థం. ఆట పోలేదు. కింగ్ పిన్ బుష్‌లు అరిగిపోయాయి. గ్రీజు పెట్టవలసిన చోట ఎండిన మట్టి గడ్డకట్టి ఉన్నది. ఆ పిన్ను ఆడుతున్నంతకాలం చక్రం తన వాలును తానే మార్చుకుంటూ ఉంటుంది. దుకాణంలో తెర మీద పచ్చరంగు వచ్చినా రోడ్డు మీద మొదటి గుంతలోనే అది చెరిగిపోతుంది. తరువాత చక్రాన్ని ఎడమ కుడి అంచులు పట్టుకుని ఊపి, టై రాడ్ ఎండ్లలో ఆట ఉన్నదా అని చూశాడు. అవి గట్టిగానే ఉన్నవి, అల్హమ్దులిల్లాహ్. టై రాడ్ ఎండ్ అరిగి నడకలో ఊడిపోతే స్టీరింగ్ తిప్పినా చక్రం తిరగదు. టైరు అరుగుదల డబ్బు నష్టం. ఇది ప్రాణ నష్టం. వీటిలో ఆట కనిపిస్తే మరునాటికి వాయిదా వేయకూడదు.

కింగ్ పిన్ సెట్టు, కొత్త సెంటర్ బోల్టు, నాలుగు యూ బోల్టులు, కూలి. యాక్సిల్ మార్పిడికి చెప్పిన మొత్తంలో ఇది చిన్న భాగమే అయినది. ఆపా గాజులు చేతికే ఉన్నవి.

ఇక్కడ క్రమం ముఖ్యం. అరిగిన భాగాలు మార్చిన తరువాతనే అలైన్‌మెంట్, దాని తరువాతనే కొత్త టైర్లు. మనవాళ్లు చాలామంది దీనిని తలక్రిందులు చేస్తారు. టైరు అరిగినది కనుక మొదట టైరు కొంటారు, బండి లాగుతున్నది కనుక తరువాత అలైన్‌మెంట్ చేయిస్తారు, చప్పుడు వచ్చినప్పుడు చివరకు బుష్‌లు మారుస్తారు. బుష్‌లు మార్చగానే పాత అలైన్‌మెంట్ చెల్లదు, కాబట్టి అది మళ్లీ చేయించాలి. ఒకే పనికి రెండుసార్లు డబ్బు.

కడ్డీ యాక్సిల్ బండికి టో మాత్రం ఇంటి దగ్గర కూడ కొలుచుకోవచ్చు. ఉస్తాద్ చేసిన పద్ధతినే చెబుతాము. సిమెంటు చేసిన సమతల స్థలం కావాలి. వెనుక చక్రాలకు చెక్క అడ్డు పెట్టి, ముందు చక్రాలను ఒక్కొక్కటిగా జాకీతో లేపాలి. టైరు మధ్య భాగానికి సుద్ద పూసి, ఒక చెక్కకు మేకు బిగించి నేల మీద కదలకుండా పెట్టి, చక్రాన్ని చేతితో తిప్పితే సన్నని గీత చుట్టూ పడుతుంది. రెండు చక్రాలకూ గీతలు పడిన తరువాత బండిని దించి, కమాను పట్టీలు సర్దుకునేటట్లు కొన్ని అడుగులు ముందుకు నెట్టి తిన్నగా నిలపాలి. ఇరుసు ఎత్తులో, ముందు వైపున గీత నుండి గీతకు దూరం కొలిచి, ఆ చోట రెండు టైర్ల మీదా గుర్తు పెట్టాలి. తరువాత బండిని ముందుకు నెట్టి, చక్రం సగం చుట్టు తిరిగి అవే గుర్తులు వెనుకకు, అదే ఎత్తుకు వచ్చినప్పుడు మళ్లీ కొలవాలి. ఇంజను అడ్డం వస్తే గుర్తుల నుండి దారానికి కట్టిన బరువు వేలాడదీసి నేల మీద చుక్కలు పెట్టి కొలవవచ్చు. గుర్తులు అవే కావడం వల్ల చక్రం రిమ్ము కొంచెం వంకరగా ఉన్నా లెక్క తప్పదు. ముందు కొలత తక్కువ, వెనుక కొలత ఎక్కువ అయితే ఆ తేడాయే టో-ఇన్. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పొరుగువాని బండి లెక్క మన బండికి పనికిరాదు.

సరిచేయడం కూడ కష్టమైన విద్య ఏమీ కాదు. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్డుకు ఒక కొసన కుడి మర, మరొక కొసన ఎడమ మర ఉంటాయి. రెండు కొసల లాక్ నట్లను పానాతో వదులు చేసి రాడ్డును తిప్పితే అది పొడవవుతుంది లేదా పొట్టిదవుతుంది. పావు చుట్టుకే టైరు దగ్గర కొన్ని మిల్లీమీటర్ల మార్పు వస్తుంది గనుక, కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ బండిని ముందుకు నెట్టి మళ్లీ కొలవాలి. ముగిసిన తరువాత లాక్ నట్లు బిగించడం మరచిన మనిషికి ఈ పని చేసే అర్హత లేదు. ఈ మాట కొంచెం కఠినంగానే వ్రాస్తున్నాము. చేయి తిరిగిన వారు పక్కన లేకుండా ఈ భాగం మొదటిసారి ఒంటరిగా చేయవద్దు. కొలుచుకోవడం వరకు ఎవరైనా చేయవచ్చు. కొలుచుకున్న అంకెను కాగితం మీద వ్రాసుకుని దుకాణానికి వెళితే, అక్కడ మాట్లాడే తీరే మారిపోతుంది. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరవద్దు. ఇటుకలు అసలే వద్దు, అవి హఠాత్తుగా పగులుతాయి. గట్టి ఇనుప స్టాండులు గాని, మందమైన చెక్క దిమ్మెలు గాని పెట్టాలి.

టో సరిచేసిన తరువాత స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే, కొందరు స్టీరింగ్ ఊడదీసి నిటారుగా తిరిగి తగిలిస్తారు. చూడటానికి బాగుంటుంది గాని లోపల స్టీరింగ్ గేరు తన మధ్య స్థానంలో ఉండదు, ఒక వైపు మలుపు తగ్గిపోతుంది. స్టీరింగ్ గేరు నుండి చక్రానికి పోయే డ్రాగ్ లింకు పొడవును సర్దడమే సరైన మార్గం.

యంత్రం ఉన్న దుకాణాలను మేము తక్కువ చేయడం లేదు. చక్రాలు విడిగా కదిలే బండికి అవి తప్పనిసరి. కడ్డీ యాక్సిల్ బండికి కూడ నాలుగు చక్రాలకూ సెన్సర్లు తగిలించి చూసే యంత్రమైతే, వెనుక యాక్సిల్ జారిన సంగతి తెర మీదనే కనిపిస్తుంది. ముందు రెండు చక్రాలకే తగిలించి పని కానిచ్చేవారి దగ్గరనే దూలాభాయ్ మూడుసార్లు డబ్బు పెట్టారు. పని మొదలు పెట్టకముందు వచ్చిన అంకెలు, ముగిసిన తరువాత వచ్చిన అంకెలు రెండూ అచ్చు వేసి ఇవ్వమని అడగండి. యాక్సిల్ వంగినదని చెబితే, ఏ అంకెను బట్టి చెబుతున్నారో ఆ కాగితం మీద చూపమనండి. నిజంగా వంగే సందర్భాలూ ఉన్నవి, పెద్ద గుంతలో బరువుతో పడినప్పుడు, ప్రమాదంలో. కాని కింగ్ పిన్, బేరింగ్, కమాను పట్టీలు చూడకుండా ఆ మాట అనడానికి ఎవరికీ హక్కు లేదు.

అధిక భారం సంగతి ఇక్కడ విస్తరించము. యజమానులకు తెలియనిది కాదు, బాడుగ రేట్లు వారిని ఆ పనికి నెడుతున్నాయని మాకూ తెలుసు. ఒక్కటి మాత్రం చెబుతాము. యూ బోల్టులు కొత్తవి వేసిన తరువాత కొద్ది రోజులు బరువుతో నడిపి, మళ్లీ ఒకసారి బిగింపించాలి. కమాను పట్టీలు సర్దుకున్నప్పుడు అవి వదులవుతాయి, సెంటర్ బోల్టు తెగడానికి దారి అక్కడే పడుతుంది. ముందు యాక్సిల్ గ్రీజు నిప్పిళ్లలో గ్రీజు కొట్టించడానికి అయ్యే ఖర్చు రెండు కప్పుల టీ కంటె ఎంతో ఎక్కువ కాదు. దూలాభాయ్ బండిలో రెండేళ్లుగా అది జరగలేదు.

మొన్న ఆపా ఇంటికి వెళ్లినప్పుడు గోడకు తగిలించిన కేలండరు పక్కన పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి దారంతో వ్రేలాడుతూ ఉన్నది. మీటరు అంకె, ఏ తేదీన గాలి పట్టించారు, ఎప్పుడు గ్రీజు కొట్టించారు, టైరు గాళ్లు లోపలి అంచున ఎంత లోతు, బయటి అంచున ఎంత లోతు అన్నది మేనల్లుడు పది రోజులకొకసారి స్కూలు స్కేలుతో కొలిచి వ్రాస్తున్నాడు. ఉస్తాద్ దగ్గర నుండి వచ్చిన తరువాత బండి 9,000 కిలోమీటర్లు దాటింది. రెండు అంచుల లోతుకూ స్కేలు మీద తేడా ఇంకా కనిపించలేదు.